ముప్పై తొమ్మిదో ఉత్తరం

ఫిబ్రవరి 3, సోమవారం

పెద్ద మేడమ్ పిలిపించారు. నా రిటైర్మెంటు ఇంకా ఎనిమిది వారాలుంది, అప్పుడే బీరువా తాళాలు అప్పగించమంటారేమో అని గొణుక్కుంటూ వెళ్ళాను. అది కాదు. కొత్తగా వచ్చిన లెక్కల సారు చేసిన ఘనకార్యం సంగతి.

మొన్న శుక్రవారం ఐదో తరగతి పిల్ల ఒకతె ఆయనకి రంగు కాగితం చుట్టి ఏదో ఇచ్చిందట. ఈయనగారు క్లాసులోనే, అందరి ముందూ దాన్ని పరపరా చించి చూశాడు. సబ్బు. "అంటే నేను స్నానం చెయ్యట్లేదనా నీ ఉద్దేశం?" అన్నాడు. జోకు వేశాననుకున్నాడు. క్లాసంతా పగలబడి నవ్వింది. ఆ పిల్ల ఇవాళ బడికి రాలేదు. వాళ్ళమ్మ మాత్రం వచ్చింది.

"మంచివాడేనండీ, తెలీదంతే," అన్నారు పెద్ద మేడమ్. "పిల్లలు ఏదన్నా ఇస్తే ఎలా తీసుకోవాలి, థాంక్స్ ఎలా చెప్పాలి, మీరు ఒక కాగితం మీద రాసి పెట్టండి. కొత్తవాళ్ళందరికీ ఇస్తాను. ఈ బళ్ళో మీకంటే ఎవరికి తెలుసు?"

నాకెందుకులెండి అని రెండుసార్లు అన్నాను. మూడోసారి అనలేదు, నిజంగానే వదిలేస్తారేమోనని.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను. ముందు గదిలో ఎవరిదో కుట్టుమిషను బోర్లా పడుకోబెట్టి నూనె పోస్తున్నారు. తల ఎత్తకుండానే, "కాగితమా? నీ చేతికిస్తే అది పుస్తకమవుతుంది టీచరమ్మగారూ," అన్నారు. ఈ మనిషికి మిషన్లు తప్ప మనుషులు అర్థం కారు.

ఫిబ్రవరి 4, మంగళవారం

మొదలుపెట్టాను. ముప్పై రెండేళ్ళుగా చేస్తున్న పని, రాద్దామంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

అన్నిటికంటే ముందు, ఇచ్చిన వస్తువు పేరు ఉత్తరం మొదటి వాక్యంలోనే ఉండాలి. "నీ బహుమతికి థాంక్స్" అని రాస్తే ఆ పిల్లవాడికి మనం కట్ట విప్పామో లేదో కూడా తెలియదు. "నువ్విచ్చిన ఆకుపచ్చ గుండీకి థాంక్స్" అనాలి. తర్వాత ఆ గుండీ ఇప్పుడు ఎక్కడుందో చెప్పాలి. కోటుకి కుట్టుకున్నాను, మూడోది అదే, వచ్చి చూడు. ఇంతే. ఎంత బాగుందో అని పొగడక్కర్లేదు. ఇంత శ్రమ ఎందుకు పడ్డావు అనకూడదు, అది శ్రమ పడ్డవాళ్ళని చిన్నబుచ్చడం. ఖరీదైనది ఇచ్చిన పిల్లకి పెద్ద ఉత్తరం, రాయి ఏరుకొచ్చి ఇచ్చినవాడికి చిన్న ఉత్తరం రాశామా, పిల్లలు పక్కపక్కన పెట్టి కొలుచుకుంటారు. ఎంత పొడుగు రాస్తే అందరికీ అంతే. అదే రోజు రాయాలి.

ఒకడు అగ్గిపెట్టెలో నత్తని ఇచ్చాడు నాకు. "నువ్విచ్చిన నత్త మా పెరటి గోడ ఎక్కింది. క్షేమం," అని రాశాను. వాడిప్పుడు లారీ నడుపుతున్నాడు. బజార్లో కనబడితే లారీ ఆపి మరీ, "టీచర్, నత్త ఎలా ఉంది?" అంటాడు.

ఎవరు ఏమిచ్చారో, నేనేం రాశానో నీలం అట్ట పుస్తకంలో ఏడాదివారీగా ఉంది. ఒక్క పిల్ల కూడా తప్పిపోలేదు. ఆ మాట నేను ఎవరి ముందైనా తలెత్తుకుని చెప్పగలను.

ఫిబ్రవరి 6, గురువారం

సబ్బు పిల్ల బడికొచ్చింది. లెక్కల సారు స్టాఫ్ రూములో నా బల్ల దగ్గరికొచ్చి చేతులు నలుపుకుంటూ, "ఏం రాయాలి మేడమ్?" అన్నాడు.

"ముందు ఆ సబ్బుతో స్నానం చెయ్యి. తర్వాత రాయి."

ఫిబ్రవరి 9, ఆదివారం

ఆదివారం తొమ్మిదింటికి అమ్మాయి ఫోను. వాళ్ళ నాన్నకి. నేను వంటింట్లో కడిగిన కప్పులే మళ్ళీ కడిగాను.

అది ఇక్కడికి బస్సులో రెండు గంటల దూరంలో ఉన్న ఊళ్ళో, వినపడనివాళ్ళకి చెవి మిషన్లు అమర్చే చోట పనిచేస్తుంది. ఎవరికో మొదటిసారి మిషను పెట్టగానే తన చెప్పుల చప్పుడు విని ఉలిక్కిపడ్డాడని చెబుతున్నట్టుంది, ఆయన ఇక్కడ పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. నాకు అటువైపు గొంతు వినబడదు. ఆయన నవ్వునిబట్టి, మధ్యలో తిరిగి అనే మాటల్నిబట్టి ఊహించుకోవాలి. నేనంటే దానికి కోపమేమీ లేదు. ఏ రోజూ మాట తూలలేదు. నాకు ఆరోగ్యం బాగోకపోతే మందులు పంపిస్తుంది. అంతా బాగానే ఉంది.

ఆయన నా కాగితం సంగతి చెప్పి వేళాకోళం చేశారు. ఉన్నట్టుండి, "హలో? గువ్వా? ఉన్నావా?" అన్నారు. తర్వాత చాలాసేపు విన్నారు. ఆయన మొహంలో నవ్వు పోయింది.

"అమ్మకివ్వనా? సరే, సరే. చెప్తాలే."

ఏమందని అడిగితే ఏమీ లేదన్నారు. మధ్యాహ్నం దాకా వదల్లేదు నేను. చివరికి చెప్పారు. "'ఇంట్లోవాళ్ళు ఇస్తే ఎలా చెప్పాలో కూడా రాయమను నాన్నా' అంది. అంతే."

దాని హాస్యం అలాగే ఉంటుంది. తండ్రి పోలిక.

ఫిబ్రవరి 10, సోమవారం

ఊరికే నీలం పుస్తకం తిరగేశాను. అమ్మాయి నాలుగో తరగతి చదివిన ఏడాది. ఆ ఏడాది క్లాసుకి టీచర్ని నేనే. ముప్పై తొమ్మిది మంది. ఆఖరి రోజు పిల్లలు లైను కట్టి ఇచ్చినవన్నీ వరసగా రాసి ఉన్నాయి. ఎర్ర రిబ్బను. దువ్వెన. రెండు పెన్సిళ్ళు, ఒకటి కొరికినది. పక్కన టిక్కులు, ఉత్తరం రాసినట్టు.

ముప్పై ఎనిమిది పేర్లున్నాయి.

సొంత పిల్ల నాకు గిఫ్టు ఇవ్వడమేమిటి, ఇచ్చి ఉండదు.

ఫిబ్రవరి 11, మంగళవారం

ఇచ్చింది.

ఫిబ్రవరి 12, బుధవారం

కాపీలు దిద్దుతుంటే గుర్తొచ్చింది. గోడ కేలెండరు కాగితం చుట్టి ఉంది. వెనక్కి తిప్పి చుట్టడంతో అంకెలు లోపలి నుంచి లీలగా కనబడ్డాయి. ఆయన మిషను దారంతో నాలుగు వైపులా కట్టి ఉంది. రెండు చేతులతో పట్టుకుని చాచింది. చేతులు గుర్తున్నాయి, దారం గుర్తుంది, కాగితం గుర్తుంది. లోపలేముందో గుర్తులేదు.

కట్ట విప్పే ఉంటాను. విప్పకుండా ఎందుకుంటాను?

ఆ ఏడాది ఎలా గడిచిందో ఎవరికీ తెలియదు. బళ్ళో ఒకటే సెక్షను. నా పిల్లకి నేనే పాఠం చెప్పాలి. టీచరు కూతురు కాబట్టే మార్కులని ఒక్కరు అనకూడదని పంతం నాకు. బడి గేటు దాటాక నేను టీచర్ని, అమ్మని కాదు అని మొదటి రోజే చెప్పాను. చెయ్యి ఎత్తితే అందరి తర్వాత అడిగేదాన్ని. దిద్దేటప్పుడు వేరే పిల్లలకి అర మార్కు వదిలేసేచోట దానికి కోసేదాన్ని. ఒకసారి నోరు జారి క్లాసులో "గువ్వా" అన్నాను. పిల్లలు వారం రోజులు అదే పిలుపు పిలిచి ఏడిపించారు. ఇంక ఇంట్లో కూడా మానేశాను, అలవాటులో మళ్ళీ నోరు జారుతుందేమోనని. అది కూడా నన్ను మీరు అనడం మొదలుపెట్టింది. ఏడాది అయిపోయాక మారుతుందనుకున్నాను. వాళ్ళ నాన్నని ఇప్పటికీ నువ్వు అంటుంది.

దానికి ఏదైనా ఒక్కసారి చెబితే చాలు. మళ్ళీ చెప్పాల్సిన పని ఉండదు. చిన్నప్పటి నుంచీ అంతే.

ఫిబ్రవరి 13, గురువారం

"ఆ రోజు అది నాకేమిచ్చింది?" అని అడిగాను ఆయన్ని.

ఏ రోజు అని అడగలేదు. సూది దించి, చక్రం చేత్తో ఓ చుట్టు తిప్పి చూసుకుని, "నన్నడక్కు. దాన్నే అడుగు," అన్నారు.

"మీకు తెలుసన్నమాట."

"అడక్కన్నానుగా."

ఎంత బతిమాలినా అదే మాట. నేను టీ కూడా ఇవ్వలేదు సాయంత్రం. తనే పెట్టుకుని, ఒక కప్పు నా బల్ల మీద పెట్టి వెళ్ళారు.

ఫిబ్రవరి 15, శనివారం

అటక మీది డబ్బాలు దింపాను. ముప్పై రెండేళ్ళ పిల్లలు. గవ్వలు, గుండీలు, చేతి అద్దాలు పదకొండు, మూత లేని పెన్నులు, పేరు చెక్కిన సుద్దముక్క. ప్రతిదానికీ చీటీ కట్టి ఉంది, ఎవరిచ్చారో, ఏ ఏడో. చీటీ లేనిది ఒక్కటి కనబడినా అదే అమ్మాయిదని తేల్చేసుకుందామనుకున్నాను. కనబడలేదు. నా పద్ధతి మీద నాకే మొదటిసారి ఒళ్ళు మండింది.

నాతో పనిచేసి రిటైరైన డ్రాయింగు టీచరుకి ఫోను చేశాను. ఆవిడకి ఈ మధ్య కాస్త చెవుడు, అరిచి చెప్పాల్సి వచ్చింది. పక్కింటివాళ్ళు కూడా విని ఉంటారు.

"మీ పిల్ల ఏమిచ్చిందో నాకేం తెలుసండీ?" అంది ఆవిడ. "లైను పెట్టింది మీరు. దాన్ని అందరికంటే చివర్లో నిలబెట్టారు. మొదట్లో నించుంటే మీరే వెనక్కి పంపించారు. అది మాత్రం గుర్తుంది నాకు."

అది నాకు గుర్తులేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఫోను వచ్చింది. తలుపు దగ్గర నిలబడ్డాను. ఆయన చూసి, చెప్పాపెట్టకుండా ఫోను నా చేతిలో పెట్టేశారు.

"అమ్మా, బాగున్నారా?"

"బాగున్నాను. నువ్వు?"

"బాగున్నాను. మోకాలి నొప్పి తగ్గిందా?"

"తగ్గింది."

"ఆ మందు ఇంకో వారం వాడండి."

"అలాగే."

ఫోను తిరిగి ఇచ్చేశాను. తగ్గలేదు మోకాలి నొప్పి. అదైనా చెప్పి ఉంటే ఇంకో నాలుగు మాటలు మాట్లాడేది కదా. దాని గొంతు విని బతికినట్టయింది, విన్నాక ఇంకా దిగులేసింది. దాన్ని చూడాలని ఉంది. పెద్దదాన్ని కాదు, ఆ కట్ట పట్టుకుని నిలబడ్డదాన్ని.

ఫిబ్రవరి 18, మంగళవారం

దానికి ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. ఆలస్యమైతే అయింది, రాయడం మానకూడదు.

"నువ్విచ్చిన" అని రాసి ఆగాను.

నువ్విచ్చిన పెన్నుల డబ్బాకి. నువ్విచ్చిన రుమాలుకి. ఎలాగూ పిల్లలిచ్చేవి ఏడెనిమిది రకాలే కదా, ఏదో ఒకటి తగలకపోతుందా అనిపించింది. తప్పు తగిలితే? పిల్లల దగ్గర అబద్ధం దాగదు. ముప్పై ఒక్క ఏళ్ళొచ్చినా ఈ విషయంలో అది పిల్లే. ఖాళీ వదిలి మిగతాదంతా రాశాను, ఇప్పుడెక్కడుందో చెప్పాల్సిన చోట ఇంకో ఖాళీ వచ్చింది. నా క్లాసులో ఎవరైనా ఇలాంటి జవాబుపత్రం ఇస్తే నిలబెట్టి అడిగేదాన్ని.

చింపేశాను.

ఫిబ్రవరి 20, గురువారం

లెక్కల సారు రాసిన ఉత్తరం చూపించాడు. "నువ్విచ్చిన సబ్బుకి థాంక్స్. వాడాను. మా అమ్మ నన్ను వాసన చూసి ఎవరింటికెళ్ళొచ్చావురా అంది. సగం అయిపోయింది. ఆ రోజు నేనన్న మాట తప్పు." బాగుంది. నేను ఏమీ దిద్దలేదు. ఆ పిల్ల ఉత్తరాన్ని మడిచి లెక్కల పుస్తకంలో పెట్టుకుందట, పుస్తకం తీసినప్పుడల్లా తీసి చూసుకుంటోందట.

దగ్గు వచ్చినట్టు బయటికెళ్ళాను.

పెద్ద మేడమ్ కాగితం ఏమైందని అడిగారు. అయిపోవచ్చిందన్నాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

అడిగేశాను. ఆయన "గువ్వా" అనేలోపే ఫోను లాక్కున్నాను.

"నాలుగో తరగతి ఆఖరి రోజు నువ్వు నాకొకటి ఇచ్చావు. ఏమిచ్చావో నాకు గుర్తులేదు. చాలా వెతికాను. చెప్తావా?"

అటు దూరంగా ఎవరిదో కుక్కర్ కూత వినబడుతోంది, అంటే లైనులోనే ఉంది.

"వచ్చే ఆదివారం వస్తానమ్మా," అంది. "వచ్చాక మాట్లాడుకుందాం."

ఫిబ్రవరి 24, సోమవారం

ఇంకా ఆరు రోజులు.

ఫిబ్రవరి 26, బుధవారం

దాని గదిలో ఆయన పాత మిషన్లు పేర్చుకున్నారు. తీసెయ్యమన్నాను. "పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోయేదానికి గదెందుకు?" అన్నారు. తీశారు, సణుగుతూనే. కిటికీ అద్దం తుడిచాను. మంచం మీద దుప్పటి మార్చి, మళ్ళీ పాతదే వేశాను. కొత్త దుప్పటి వేస్తే చుట్టానికి వేసినట్టుంటుంది.

ఫిబ్రవరి 28, శుక్రవారం

మూడో తరగతి వాళ్ళ గోలలో ఒక పిల్ల ఎవరినో "అమ్మా" అని పిలిచింది. నేను వెనక్కి తిరిగాను.

మార్చి 2, ఆదివారం

అది వెళ్ళిపోయి గంటయింది. వెలుతురు ఉండగానే రాసేస్తున్నాను, ఒక్క మాట కూడా పోకుండా.

పది గంటల బస్సుకి వచ్చింది. సన్నబడింది. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే వాళ్ళ నాన్న చెవులు పరీక్ష చేస్తానని కూర్చోబెట్టింది. వెనక నుంచి చిటికెలు వేసి, గుసగుసగా ఏదో అని, "నాన్నా, నీ చెవులు బంగారంలా ఉన్నాయి. నీకు వినపడక కాదు, వినబుద్ధి కాక," అంది. "ఇంట్లో టీచరుంటే అంతేనే," అన్నారు ఆయన. ముగ్గురం నవ్వాం. ముగ్గురం ఒకేసారి నవ్వి ఎన్నాళ్ళయిందో.

భోజనాలయ్యాక బల్ల తుడిచేసి నా ఎదురుగా కూర్చుంది.

"నాకూ గుర్తులేదమ్మా," అంది.

నాకు అర్థం కాలేదు. "ఏంటి గుర్తులేదు?"

"ఏమిచ్చానో. అట్టతో ఏదో చేశాను. పెట్టెనో, పెన్నుల డబ్బానో. జిగురు ఆరట్లేదని ఏడిస్తే నాన్న మిషను దీపం కింద పెట్టి ఆరబెట్టాడు. అంతవరకే తెలుసు."

నేను ఆయన వైపు తిరిగాను. "మీకు?"

"నాకేం తెలుసు? జిగురు ఆరబెట్టాను, అంతే."

"మరి నన్నడక్కు, నన్నడక్కు అని అంత బెట్టు చేశారు?"

"తెలీదంటే నువ్వు అక్కడితో ఊరుకుంటావు. అడక్కంటే దాన్ని అడుగుతావు," అన్నారు. అని లేచి ముందు గదిలోకి వెళ్ళిపోయారు. మిషను చప్పుడు మాత్రం రాలేదు. అక్కడే కూర్చుని వింటున్నారు.

మూడు వారాలుగా ఆ వస్తువు కోసం నేను పడ్డ పాట్లు తలుచుకుంటే నవ్వొచ్చింది. నవ్వి, "పోనీలే, ఇద్దరికీ గుర్తులేకపోతే ఇంకేం," అన్నాను.

అది నవ్వలేదు.

"వస్తువు పోతే పోయిందమ్మా. నేను మర్చిపోనిది వేరే ఉంది," అంది. మెల్లగా, తప్పొప్పులు చెప్పే గొంతుతో కాకుండా, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. "ఆ రోజు లైనులో ఒక్కొక్కళ్ళకీ 'ఇంటికెళ్ళి చూసి ఉత్తరం రాస్తాను' అన్నారు మీరు. నాకూ అదే అన్నారు, అందరికీ చెప్పిన గొంతుతోనే. నాకెంత సంబరమో. అందరిలాగే నాకూ ఉత్తరం వస్తుందని. ఇంటికొచ్చాం. ఇదే బల్ల. మీరు రాయడం మొదలుపెట్టి, సాయం చేస్తావా అన్నారు. మీరు రాసి మడిచి ఇస్తే నేను కవర్లో పెట్టి, అతికించి, పైన పేరు రాసి పెట్టాలి. చదవకూడదన్నారు, చదవలేదు. ఎవరి పేరుందో మాత్రం చూశాను. ప్రతి కాగితం నాదేమోనని చూశాను. లైనులో నన్ను చివర పెట్టారు కదా, నా ఉత్తరం కూడా చివర్లో వస్తుందనుకున్నాను. ముప్పై ఎనిమిదోది ఇచ్చాక మీరు పెన్నుకి మూత పెట్టారు. 'అమ్మయ్య, అయిపోయాయి' అన్నారు. నేను ఇంకో కవరు తెరిచి పట్టుకుని ఉన్నాను."

నా నోటికి వచ్చిన మాట రాకపోయినా బాగుండేది.

"చెప్పొచ్చు కదే, నాకూ రాయమని?"

"తొమ్మిదేళ్ళ పిల్ల థాంక్స్ అడుక్కుని తీసుకోవాలా అమ్మా?"

నేను ఏడ్చాను. దాని ఎదురుగా ఎప్పుడూ ఏడవలేదు, ఏడవకూడదనే అనుకునేదాన్ని. నా పిల్లకి అన్యాయం చేశానని ఎవరైనా అంటే ఇన్నాళ్ళూ మండిపడేదాన్ని. ఎవరి నోరూ లేవకుండా ఉండాలని దాని ఒక్కదాని నోరు నొక్కేశాను. ఆ ఉత్తరాలు రాస్తూ నేను ఎంత మురిసిపోయానో నాకు బాగా గుర్తుంది. పక్కన కూర్చున్న పిల్ల మొహం ఎలా ఉందో గుర్తులేదు, ఎందుకంటే చూడలేదు.

"ఇప్పుడు రాస్తాను. ఉండు. కాగితం తెస్తాను," అని లేచాను.

చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "ఇప్పుడొద్దు. కాగితం ముందుంటే మీకు మనిషి కనబడదు. ఇవాళ ఊరికే కూర్చోండి."

కూర్చున్నాను. చెయ్యి వదల్లేదు అది. దాని చూపుడు వేలికి కాయ కాసింది, చెవి మిషన్ల సన్నటి స్క్రూలు తిప్పీ తిప్పీ. నాకు ఆ సంగతి ఇవాళే తెలిసింది.

నాలుగింటి బస్సు ఎక్కించడానికి ఇద్దరం వెళ్ళాం. ఎక్కాక కిటికీలోంచి, "మోకాలు తగ్గలేదు కదా? నడక చూస్తే తెలుస్తోంది," అంది.

"తగ్గలేదు," అన్నాను.

మార్చి 3, సోమవారం

కాగితం పెద్ద మేడమ్‌కి ఇచ్చేశాను. కళ్ళజోడు పెట్టుకుని అక్కడే చదివారు.

"వస్తువు పేరు గుర్తులేకపోయినా సరే, రాయండి, అని పెట్టారేం? పేరు ముఖ్యం అని మీరే అనేవారు కదా?"

"ముఖ్యమే. ఉత్తరం రాయడం కంటే మాత్రం కాదు."

"ఇదేంటి, సొంత పిల్లలు మన క్లాసులో ఉంటే వాళ్ళకి మొదట రాయాలి అని? ఈ బళ్ళో అలాంటివాళ్ళెవరూ లేరే."

"ఒకతె ఉండేది," అన్నాను.

మార్చి 4, మంగళవారం

పొద్దున్నే రాశాను. ఒకటే చిత్తు, దాన్నే సాపు చేయకుండా పంపించాను. కొట్టివేతలు రెండున్నాయి. ఏం రాశానో ఇక్కడ ఎక్కించుకుంటున్నాను. నీలం పుస్తకంలో కాదు.

"గువ్వా,

ఆ సాయంత్రం నువ్వు నా పక్కన కూర్చుని ముప్పై ఎనిమిది కవర్లు అతికించి, పేర్లు రాసిపెట్టినందుకు థాంక్స్. ఒక్క పేరు కూడా తప్పు పోలేదు. అన్నీ అందాయి. ఆ పిల్లల్లో కొందరు ఇప్పటికీ ఆ ఉత్తరాలు దాచుకున్నామని నాతో అంటారు. అంటే నువ్వు రాసిన పేర్లున్న కవర్లు ఇంకా ఎక్కడెక్కడో ఉన్నాయి. ఆ మెప్పంతా నేనే తీసుకున్నాను.

నువ్వు ఒక వస్తువు కూడా ఇచ్చావు. అదేమిటో నాకు తెలియదు, ఇప్పుడెక్కడుందో తెలియదు. రెండు చేతులతో ఇచ్చావు, నేను తీసుకున్నాను. అది నాకు వచ్చిందని ఒప్పుకుంటున్నాను. దానికి థాంక్స్.

నిన్ను అందరిలాగా చూడాలని ప్రయత్నించాను. అందరిలాగా కూడా చూడలేదు. అందరికీ ఉత్తరం వచ్చింది.

నువ్వంటే నాకు చాలా ఇష్టం. ఇది నీకు తెలుసనుకుని ఇన్నాళ్ళూ చెప్పలేదు. నువ్వు ఎవరికి చెవి మిషన్లు పెడతావో వాళ్ళు కూడా ముందు తమకి బాగానే వినబడుతోందని అనుకునే ఉంటారు కదా.

ఆదివారం ఫోను నాకు చెయ్యి. కాదు, మీ నాన్నకే చెయ్యి, ఆయన దిగులు పడతారు. తర్వాత నాకివ్వమను.

దీనికి జవాబు రాయి.

అమ్మ."

థాంక్స్ ఉత్తరానికి జవాబు అడగడం మర్యాద కాదు. అది ఏ టీచరుకీ నేను కాగితం మీద రాసివ్వక్కర్లేదు, అందరికీ తెలిసిందే. అయినా అడిగాను. కొట్టేద్దామని పెన్ను పెట్టి కూడా తీసేశాను.

కవరు నేనే అతికించాను. జిగురు ఎక్కువై మూల ముడత పడింది. మధ్యాహ్నం ఇంటర్వెల్‌లో రోడ్డు దాటి వెళ్ళి పోస్టుడబ్బాలో వేశాను. నేనొచ్చేదాకా లెక్కల సారు నా క్లాసు పిల్లల్ని చూసుకున్నాడు. రేపటికి అందదు, ఎల్లుండికి అందొచ్చు. అందాక చదవాలి. చదివాక రాయాలని దానికి అనిపించాలి. అనిపించకపోవచ్చు కూడా, అది దాని ఇష్టం.

ఇరవై రెండేళ్ళు అది ఎదురుచూసింది. నేను ఇవాళ మధ్యాహ్నం పన్నెండింటికి మొదలుపెట్టాను.